పగడపు సారం

ఫ్రీజర్‌లో సీసా లేదు.

అరచేతిలో ఇమిడే గోధుమరంగు సీసా. సముద్రపు మెత్తటి పగడం నుంచి తీసిన సారం. ఏ మందుకూ లొంగని బాక్టీరియా దానికి లొంగింది. ఉన్నది ఆ ఒక్క సీసానే.

"ఎవరో కంపెనీకి అమ్ముకుని ఉంటారు," అన్నాడు ప్రొఫెసర్. ఆయన కాలు ఒకచోట నిలవడం లేదు.

ఇన్‌స్పెక్టర్ తలుపు చూసింది. తాళం పగల్లేదు. తాళంచెవులు రెండే. ఒకటి ప్రొఫెసర్‌ది, రెండోది అసిస్టెంట్‌ది.

"నిన్న చివర్న వెళ్లిందెవరు?"

"నేనే మేడమ్," అంది అసిస్టెంట్. "ఫ్రీజర్ ముట్టుకోలేదు. సింకు పక్కన కూర్చుని ఒక ప్లేటులో బాక్టీరియా పరిచాను. మూతపెట్టి, పెరగడానికి వెచ్చగా ఇన్‌క్యుబేటర్‌లో ఉంచి వెళ్లిపోయాను. తర్వాత ఎవరొచ్చారో నాకేం తెలుసు? సార్ దగ్గరా తాళంచెవి ఉందిగా."

ఇన్‌స్పెక్టర్ ఆ ప్లేటు బయటికి తీసింది. రాత్రికి రాత్రే బాక్టీరియా తెల్లగా పెరిగి పొరకట్టింది. ఆ పొరలో అక్కడక్కడా గుండ్రటి ఖాళీలు.

"ఇవేంటి?"

ప్రొఫెసర్ వంగి చూశాడు. "ఇక్కడ బాక్టీరియా చచ్చిపోయింది. మన సారం చుక్కలు పడితేనే..."

"సీసాను ఎవరూ ఎత్తుకుపోలేదు," అంది ఇన్‌స్పెక్టర్. "అందులోని సారాన్ని సింకులో పారబోశారు. పక్కనున్న ప్లేటు మీద చుక్కలు చిందాయి. మూతపెట్టాక పోస్తే లోపల పడవు. మూత తీసి ఉన్నప్పుడు సింకు దగ్గరున్నది మీరొక్కరే."

అసిస్టెంట్ తల దించుకోలేదు. "అవును. నేనే పోశాను."

"నీకు నేనేం ద్రోహం చేశాను?" అన్నాడు ప్రొఫెసర్.

"తుఫాను హెచ్చరిక ఉన్నా పగడం కోసం మా తమ్ముణ్ణి నీళ్లలోకి దింపారు. వాడు పైకి లాగమని కింద నుంచి తాడు గుంజుతుంటే, ముందు పగడాల సంచి లాగమన్నారు. పడవ నడిపినాయన అంతా చెప్పాడు. సంచి వచ్చింది. వాడు రాలేదు."

"ఆ సారం ఎంతమందిని బతికించేదో తెలుసా?"

"తెలుసు. అందుకే ఇన్నాళ్లూ చెయ్యి రాలేదు. నిన్న పేపరువాళ్లతో 'ఏ నష్టమూ లేకుండా సాధించాం' అన్నారు చూడండి, అప్పుడొచ్చింది."

"కంప్లైంట్ ఇవ్వాల్సింది," అంది ఇన్‌స్పెక్టర్ మెల్లగా.

"ఇచ్చాను మేడమ్. తమ్ముడు పోతే ఒక్క కానిస్టేబుల్ కూడా రాలేదు. సీసా పోతే మీరే వచ్చారు."

ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్ని పిలిచింది.

"ఇద్దర్నీ జీపెక్కించు. పడవాయన్నీ స్టేషన్‌కి రమ్మను."

"నేనెందుకు?" అన్నాడు ప్రొఫెసర్.

"సంచి ముందు లాగమన్నది ఎవరో ఆయన ఎదుటే చెబుదురుగాని. పదండి."