చెవిలో ఉన్న మనిషి

ఆ ఉదయం చిట్టెమ్మ కూతురితో మాట్లాడటానికి మూడుసార్లు ప్రయత్నించింది. అంబలి తాగమని ఒకసారి, తాగావా అని ఒకసారి, గిన్నె కడగమని ఒకసారి. భాను మూడింటికీ తలే ఊపింది. చెవుల్లో తీగలున్నాయి.

విశాఖలో డిగ్రీ పూర్తిచేసి, కొండ మీది ఇంటికొచ్చి ఎనిమిది నెలలైంది. హాస్టల్ స్నేహితులు తలో ఊరూ పోయారు. నెలకోసారి అరకు దిగి, నెట్ సెంటర్‌లో పాడ్‌కాస్టులంటూ ఏవో మాటలు చిన్న ఎంపీత్రీ ప్లేయర్‌లోకి ఎక్కించుకొస్తుంది. హైదరాబాదులో ఎవరో ఆవిడ, మనసు గురించి మాట్లాడుతుందట. ఆ ఇంట్లో ఇప్పుడు అందరికన్నా ఎక్కువ మాట్లాడేది ఆవిడే. చిట్టెమ్మను కలుపుకున్నా సరే.

అంబలి తాగి తల్లీకూతుళ్ళు ఊరి ఆడవాళ్ళతో కలిసి కాఫీ పళ్ళ కోతకు వెళ్ళారు. మంచు దిగితే తోటలో పక్క చెట్టు కనబడదు. అందుకే ఒకరు కూత వేస్తే మిగతావాళ్ళు వరసగా "ఊ" అనాలి. పలకకపోతే లోయలో పడ్డట్టే. పొరుగింటి కనక కూత వేసింది. ఐదు "ఊ"లు వచ్చాయి. ఆరోది, భానుది, రాలేదు.

కనక మళ్ళీ పిలిచింది. చిట్టెమ్మ బుట్ట వదిలేసి వాలులోకి జారింది. పావుగంట వెతికితే మిరియాల తీగ పక్కన కనిపించింది భాను, తీరిగ్గా పళ్ళు కోసుకుంటూ.

చిట్టెమ్మ ఆ చెవి తీగలు లాగేసింది. వాలులో జారినప్పుడు చీరుకుపోయిన తన మోచేతి నుంచి రక్తం కారుతోంది.

"సచ్చిపోనావనుకున్నానే. ఏటి సేత్తన్నావు నువ్వు?"

"వినపడలేదమ్మా."

"కనక కూత కొండవతల ఎలుగ్గొడ్డుకి ఇనపడతాది. నీకు ఇనపడ్లేదా?"

"మద్దిన నా కూతకేటైందప్పా," అంది వెనకే వచ్చిన కనక, నొచ్చుకున్నట్టు.

"ఇంటో మడుసులున్నారు. ఆ యమ్మెవులో మాకన్నా ఎక్కువైపోనాదా నీకు?" అంది చిట్టెమ్మ కూతురితో.

భాను నేల చూసింది. "ఆవిడ రోజూ ఎలా ఉన్నావని అడుగుతుంది. నువ్వు మాత్రం తిన్నావా అనే అడుగుతావు."

కనక మెల్లగా పక్క వరసకు జరిగిపోయింది.

చిట్టెమ్మకు కోపం రావలసిన చోట ఏదో అడ్డుపడింది. తన తల్లి తనను తిన్నావా అని కూడా అడిగిన గుర్తు లేదు. ఒక తీగ తీసి చెవిలో పెట్టుకుంది.

"ఎలా ఉన్నావు?" అంది లోపల మెత్తటి గొంతు.

"బాగనే ఉన్నానమ్మా," అంది చిట్టెమ్మ మర్యాదగా.

ఆ గొంతు ఆగలేదు. ఒంటరితనం గురించి చెప్పుకుంటూ పోయింది.

"ఇదేటే? అడిగింది గానీ, నా మాట ఇనకుండానే ఎల్లిపోనాది."

భాను నవ్వబోయింది. నవ్వు సగంలో ఏడుపైంది. "నేనూ రోజూ జవాబు చెబుతానమ్మా. వినదని తెలిసే చెబుతాను."

చిట్టెమ్మ తడి రాతి మీద కూర్చుని కూతుర్ని పక్కకు లాక్కుంది.

"ఎలాగున్నావే?" అంది. అలవాటు లేని మాట. సంతలో ధర అడిగినట్టు వచ్చింది.

"బాగోలేనమ్మా."

తర్వాత ఏమనాలో చిట్టెమ్మకు తెలియలేదు. అందుకని ఆగింది. చాలాసేపు ఆగింది. భాను ముక్కు తుడుచుకుని, హాస్టల్ ఖాళీ చేసిన రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టింది. చిట్టెమ్మ తన కళ్ళు తుడుచుకోవడానికి కూడా కూతురి భుజం మీంచి చెయ్యి తియ్యలేదు.