పదివేల కిలోమీటర్ల రొట్టె

"తాష్కెంట్ నుంచి న్యూయార్క్ ఎంత దూరం?" అడిగాడు కర్నల్ తూరాబెకోవ్.

"పదివేల కిలోమీటర్ల పైమాటే సార్. విమానం మధ్యలో ఎక్కడా దిగదు," అన్నాడు ఏజెంట్ బహ్రోమ్.

"అంటే గాల్లోకి లేచాక మహ్లియో మన చేతికి చిక్కదు. నీ అనుమానం తప్పయితే?"

"నా ఉద్యోగం ఊడుతుంది. నిజమైతే ముప్పైమంది మనవాళ్ళ ప్రాణాలు పోతాయి."

ద్రోహిలా నటిస్తూ, మన గూఢచారులవంటూ దొంగ పేర్ల జాబితాను విదేశీ ముఠాకి అంటగట్టి తిరిగి రావడం మహ్లియో పని. ఆమె అసలు జాబితానే పట్టుకుపోతోందని బహ్రోమ్ అనుమానం. లై డిటెక్టర్‌ని ఆ అందగత్తె నవ్వుతూనే బోల్తా కొట్టించింది. తనిఖీ చేద్దామా అంటే ముఠా మనిషి టెర్మినల్ వాకిట్లోనే సిగరెట్ కాలుస్తూ కాపలా కాస్తున్నాడు. వాడి కళ్ళముందు సోదా చేశాక ఆమె నమ్మకస్తురాలేనని తేలితే ఆపరేషన్ మొత్తం బెడిసికొడుతుంది.

"రుజువు చూపించు. లేదా ఎగరనీ," అన్నాడు కర్నల్.

పోర్టర్ వేషంలో బహ్రోమ్ ఖాళీ ట్రాలీ తోసుకుంటూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కళ్ళద్దాల్లో కెమెరా, గుండీలో మైకు. ఏం లాభం? మనసులోకి తొంగిచూసే యంత్రం ఏ ల్యాబూ ఇవ్వలేదాయె! చివరికి పొద్దున్నే ఒకావిడకి ఫోన్ చేశాడు. ఆవిడ ఇంకా రాలేదు.

టాక్సీ దిగి మహ్లియో గుమ్మం దాటబోతోంది.

"ఆగవే! చెప్పకుండా పోతావా?"

మహ్లియో ఉలిక్కిపడింది. తల్లి సాలిహా రొప్పుతూ వచ్చి, గుడ్డ మూట విప్పి గుండ్రటి తందూర్ రొట్టె తీసింది.

"కొరుకు."

"లిప్‌స్టిక్ పోతుందమ్మా."

"పోతే మళ్ళీ పూసుకో. కొరికిన రొట్టె నువ్వొచ్చి మిగతాది తినేదాకా గోడకి వేలాడాలి. మీ తాత యుద్ధానికి పోతూ కొరికాడు, తిరిగొచ్చాడు. ఊఁ, కానీ!"

మహ్లియో రొట్టెని పెదాల దాకా తెచ్చుకుంది. లై డిటెక్టర్‌నే మోసం చేసిన మనిషి! పళ్ళు మాత్రం దిగలేదు. తిరిగి రానని తెలిసీ ఆ రొట్టె ఎలా కొరుకుతుంది? కళ్ళనిండా నీళ్ళతో తల్లిని వాటేసుకుని, లోపలికి పరుగెత్తింది.

బహ్రోమ్ ట్రాలీ వదిలేసి గుండీలోకి అరిచాడు. "తలుపులు మూసేయండి! దాన్నీ, ఆ సిగరెట్ వాణ్ణీ పట్టుకోండి!"

మహ్లియో గుమ్మం దాటి నాలుగు అడుగులు వేసేలోపే దొరికింది. చెప్పు మడమలో చిప్. అందులో ముప్పై పేర్లూ అసలువే.

బేడీలతో కూతురు జీపెక్కుతుంటే సాలిహా చూసింది. బహ్రోమ్ వైపు తిరిగింది.

"ఫోన్ చేసింది నువ్వేనా?"

"నేనే ఖోలా," అన్నాడు పిన్నిని పిలిచినట్టు. అతనికి నిజంగా సిగ్గేసింది.

"ఎంత దూరం తీసుకెళ్తున్నారు?"

"బస్సులో ఐదు స్టాపులు."

ఆవిడ కళ్ళు తుడుచుకుని మూట కట్టేసింది.

"పోన్లే. రొట్టె చల్లారేలోపు వెళ్ళొచ్చు."