వేడి అడిగే తీగ

ముప్పై రెండేళ్లు మా రాగి గనుల ఊళ్లో అయిదో తరగతికి పాఠాలు చెప్పాను. కరెంటు పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలకు ఒక మాట చెప్పేవాణ్ణి. ఏదన్నా చెడిపోతే మనిషిని అనుమానించకండి, ముందు తీగను అనుమానించండి అని. ఆ మాట మీద నాకిప్పుడు అంత నమ్మకం లేదు. ఎందుకో చెబుతాను.

ఫిబ్రవరి నెల, మధ్యాహ్నం మూడు గంటలు. కిటికీలకు సగం దాకా మంచు పేరుకుంది. నా పాత శిష్యుడు ఆర్నీ కంగాస్ ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతున్నాను. ఇల్లంతా ఏలకుల రొట్టె వాసన. ఆర్నీ భార్య కైసా ఒళ్లో ఇల్మా ఉంది. ఏడో నెలలోనే పుట్టిన పిల్ల, వారం కిందటే ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. గది డెబ్బై రెండు ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పిందట. రోజూ పొద్దు వాలేసరికి మాత్రం ఇల్లు ఎనభై అయిదుకు చేరుతోంది. పసిదానికి ఒళ్లంతా చెమటకాయలు.

"ఇతనే మాస్టారూ! నేను అటు తిరగ్గానే పెంచేస్తాడు. ఆవిరిస్నానాల గదిలో పుట్టాడట, వాళ్లమ్మే చెప్పింది. ఎంత వేడైనా చాలదు," అంది కైసా.

"నువ్వే పెంచి నా మీదకి తోస్తున్నావ్. మీ అమ్మ దగ్గరికి పోడానికి సాకు కావాలిగా."

"పోతాను. శనివారం దాకా చూస్తా. తర్వాత నేనూ పిల్లా ఇక్కడ ఉండం."

అందుకే ఆర్నీ ఇంటి వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ కొత్తది, అంకెల తాళం ఉన్నది కొని, బిగించమని నన్ను పిలిచాడు. ఆ అంకెలు నా ఒక్కడికే తెలియాలట. దాంతో ఇద్దరిలో ఎవరూ వేడి పెంచే వీలు ఉండదట.

కరెంటు ఆపించి గోడ మీది పాతది ఊడదీశాను. వెనక రెండే తీగలు. ఎర్రది కరెంటు తెస్తుంది, తెల్లది కింద బేస్‌మెంట్‌లో ఇల్లంతటినీ వెచ్చబెట్టే ఫర్నేస్‌ను వేడి అడుగుతుంది. రెండూ కలిస్తే మంట వస్తుంది, విడిపోతే ఆరిపోతుంది. కొత్తదానికి రెండూ బిగించి, బ్యాటరీలు వేసి, డెబ్బై రెండు దగ్గర పెట్టి కరెంటు ఇప్పించాను. ఫర్నేస్ అంటుకుంది.

డెబ్బై రెండు వచ్చింది. ఆగలేదు.

డెబ్బై నాలుగు... డెబ్బై ఆరు...

"అంకెలు ఇతనికి గానీ చెప్పారా మాస్టారూ?" కైసా నన్నే అనుమానంగా చూసింది.

తెల్ల తీగను గోడ దగ్గరే ఊడదీసి గాలిలో పట్టుకున్నాను. కింద మంట హోరు తగ్గలేదు.

"అడుగుతున్నది ఇక్కణ్ణుంచి కాదు, అమ్మాయ్," అన్నాను.

ఆర్నీ, నేనూ టార్చి పట్టుకుని కిందికి దిగాం. ఫర్నేస్ దగ్గర ఒకే మర కింద రెండు తెల్ల తీగలు ఉన్నాయి. ఒకటి పైకి పోతోంది. రెండోది దూలం పక్కనే పాకుతూ పోయి, మూలనున్న పాత బొగ్గు గదిలోకి దూరింది. ఆ గది తలుపుకు అడ్డంగా చెక్కలు కొట్టి ఉన్నాయి.

"ఇల్లు కొన్నప్పుడే అలా ఉంది. మేం ఎప్పుడూ తెరవలేదు," అన్నాడు ఆర్నీ.

గడ్డపారతో చెక్కలు పీకాం. లోపల బొగ్గు పొడి వాసన, తడిసిన ఉన్ని వాసన. గోడకు ఇవతల ఫర్నేస్ భగభగమంటున్నా అక్కడ మా ఊపిరి పొగలు కడుతోంది. ఎదుటి గోడకు గుండ్రటి పాత థర్మోస్టాట్ ఉంది. దాని మీట ఎక్కువ వేడి వైపు చివరిదాకా తోసి ఉంది.

దాని చుట్టూ వేలి మందాన మసి. మీట ఒక్కటే... రోజూ ఎవరో ముట్టుకుంటున్నట్టు... తళతళలాడుతోంది.

"మాస్టారూ..." ఆర్నీ గొణిగాడు. "మేకులు తుప్పుపట్టి ఉన్నాయి. మరి దీన్నెవరు..."

"మాట్లాడకు. పద."

ఫర్నేస్ దగ్గరికొచ్చి ఆ రెండో తీగ ఊడదీశాను. మంట ఆగింది. ఆ నిశ్శబ్దంలో బొగ్గు గదిలోంచి, చలికి ఎవరో పళ్ల సందుల్లోంచి గాలి పీల్చినట్టు... సన్నగా... ఒక్కసారి.

ఇద్దరం పైకి వచ్చేశాం.

"చూశావా? కింద బొగ్గు గదిలో ఇంకో థర్మోస్టాట్ ఉంది. నేను కాదు," అన్నాడు ఆర్నీ, ముఖం పాలిపోయినా.

"నేనూ కాదుగా! సరేలే, శనివారం ఎక్కడికీ పోను," అని కైసా నవ్వింది. వారంలో అదే మొదటి నవ్వట. ఆ నవ్వుతోనే ఉయ్యాల్లోంచి పిల్లను ఎత్తుకుంది. ఎత్తుకున్న చెయ్యి చటుక్కున ఆగిపోయింది.

"మాస్టారూ... దీని వీపు..."

చొక్కా పైకి లాగింది. ఎర్రటి చిన్న వీపు మీద తెల్లగా రెండు అచ్చులు. అరచేతులు. అయిదో తరగతి పిల్లల చేతులంత. వేలితో తాకి చూశాను. మంచుగడ్డ. ఎవరో పసిదాని ఒంటి మీద చలి కాచుకున్నారు.

పరుగున కిందికి వెళ్లి, ఆ తీగ మళ్లీ బిగించాను. మంట లేచింది. నేను పైకొచ్చేసరికి అచ్చులు మాసిపోతున్నాయి. ఇల్మా అప్పటికి గాని ఏడవలేదు.

"ముగ్గురం పోదాం. ఇప్పుడే," అంది కైసా. ఆర్నీ కారు తీశాడు.

వాళ్ల కారు మలుపు తిరిగాక గాని నాకు తట్టలేదు. ఏటా పిల్లల చేతులు కాగితం మీద పెట్టించి చుట్టూ గీత గీయించినవాణ్ణి, నేను పొరబడను. ఆ వీపు మీద బొటనవేళ్లు రెండూ కుడివైపే ఉన్నాయి.

రెండూ ఎడమ చేతులే.