తీగ పీకని ఆరు నెలలు

ఉదయం ఎనిమిదింటికి నూకరత్నం మారుద్వారం ముందు కూర్చుని తనిఖీ మొదలుపెట్టింది. సముద్రం మీద తేలే నీటిపాలెంలో నాలుగు వందల గడపల నుంచి బయటికి పోయే ప్రతి మాటా, ప్రతి బొమ్మా ఈ యంత్రం చేతి మీదుగానే పోవాలి. ఒడ్డుకు కడలితీగ ఒక దారి. అది తెగితే ఆకాశం మీదుగా నింగితీగ. మూడు సెకన్లలో దారి మార్చడం మారుద్వారం పని. నెలకోసారి కడలితీగను చేత్తో పీకి, దారి నిజంగా మారుతోందో లేదో చూడడం, ఊరి తీగలను కాచే జాలపాలికగా రత్నం పని.

తెర మీద ఈ నెల గడి ఖాళీగా ఉంది: 'తీగ పీకి చూశాను.' దాని పైనున్న ఆరు గడుల్లోనూ ఆమె వేలిముద్ర ఉంది. ఆ ఆరు నెలల్లో ఆమె ఒక్కసారి కూడా తీగ ముట్టలేదు. పీకితే, రెండో దారి అందుకోకపోతే, ఊరంతా మీద పడుతుంది. ఆ గొడవంతా ఎందుకులే అనుకుంది.

పోయిన నెల తుఫానుకు కడలితీగ తెగింది. నింగితీగను తెరిచే తాళపుమాటకు గడువు ఎప్పుడో తీరిపోయింది. రత్నం కొత్తది తెప్పించి కలిపేసరికి పదకొండు నిమిషాలు పట్టింది. అంతసేపూ వైద్యశాలలో, ఒడ్డునున్న డాక్టరు నడిపే యంత్రపు చేతులు చేపలు పట్టే యల్లాజీ చేతి మీద కత్తి పట్టుకుని అలాగే నిలిచిపోయాయి. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి దక్కలేదు. నివేదికలో కారణం తుఫాను అని పడింది.

"ఏటమ్మా రత్నం, పనిలో ఉన్నావేటి?"

గుమ్మంలో యల్లాజీ నిలబడి ఉన్నాడు. ఎడమచేతిలో చేపల సంచి.

"ఆ రోజు నువ్వు లైను కలపకపోతే నాను లేను. మీ పిన్ని ఇచ్చి రమ్మంది, తీసుకో."

రత్నం ముఖం సిగ్గుతో మండిపోయింది. నెల రోజులుగా అతను ఎదురొస్తే పక్క వంతెన ఎక్కి తప్పించుకుంటోంది. ఇప్పుడు చేయి చాచలేకపోయింది.

"చిన్నాన్నా, నీ చెయ్యి తుఫాను వల్ల పోలేదు. నా వల్ల పోయింది. ఆరు నెలలు చూడకుండానే చూశానని వేలిముద్ర వేశాను."

యల్లాజీ సంచి ఆమెకు ఇవ్వలేదు, కింద పెట్టలేదు.

"ఆ రెండో దారి ఇప్పుడు పని చేస్తాదా?"

"చేస్తాదనే అనుకుంటన్నాను."

"అనుకోడమేటి? సూడు."

సంచితోనే వెళ్లిపోయాడు.

రత్నం వైద్యశాలకు ఫోన్ చేసి, ఆ పూట ఆపరేషన్లేవీ లేవని రూఢి చేసుకుంది. తర్వాత తేలే ఊళ్ల తీగలన్నిటి మీదా అజమాయిషీ చేసే జాలమండలికి రాసింది: 'ఆరు నెలల వేలిముద్రలూ అబద్ధం. తెగిన తీగకు కారణం తుఫాను. తెగిన చేతికి కారణం నేను.' నలభై తేలుడు ఊళ్ల జాలపాలకులకూ నకలు పెట్టింది. అది పంపకముందే లేచి, కడలితీగను పట్టుకుని పీకింది.

ఒకటి. రెండు. పచ్చదీపం వెలిగింది. ఆమె పంపగానే ఉత్తరం ఆకాశం మీదుగా వెళ్లిపోయింది.

మండలి యంత్రం మరుక్షణమే ఆమె వేలిముద్రను ఇక ఎక్కడా చెల్లకుండా రద్దు చేసింది. అది ఆమె అనుకున్నదే. అనుకోనిది ఆ తర్వాత వచ్చింది. ఉత్తరాన ఎక్కడో ఉన్న ఊరి జాలపాలకుడు, ముఖమైనా తెలియనివాడు, ఒక్క ముక్క రాశాడు: 'నేనూ పీకలేదు.'

దాని కింద ఇంకొకరు. తర్వాత ముగ్గురు.

రత్నం తలెత్తి చదవలేకపోయింది, లేచి వెళ్లనూ లేకపోయింది. తెర మీది మండలి పటంలో, తనిఖీ అయినట్టు ఏళ్ల తరబడి పచ్చగా మెరిసిన ఊళ్లు ఒక్కొక్కటే ఎర్రబడుతున్నాయి.