పుట్టిన ఏటి పీపా

"బెక్‌విత్‌ను చంపేశారు," అన్నాడు చీఫ్ గ్రాంజర్. "అడిలైడ్‌లో, కారులోనే. మన ఆఫీసులో ఉన్న ద్రోహి ఎవరో తెలిసినవాడు ఇక ఒక్కడే మిగిలాడు. ఆల్బీ నోస్కే."

ఏజెంట్ రోవన్ క్లైనిగ్ కుర్చీలోంచి లేచాడు. అతనికి పని నేర్పింది బెక్‌విత్తే.

"నోస్కే రిటైరైన రాడార్ ఇంజినీరు. మొండి ఘటం. ఎల్లుండికి ఎనభై నిండుతాయి. బరోసా లోయలోని వైన్ కంపెనీలో తను పుట్టిన ఏట నింపిన పీపా ఉంది, దాని రుచి చూశాకే నోరు విప్పుతాడట. నువ్వు బరోసా వాడివేగా, వెళ్ళి ప్రాణాలతో పట్టుకురా. అక్కడ ఇమోజెన్ ఉంటుంది."

ఇమోజెన్ ఆ వైన్ కంపెనీలో చీఫ్ టేస్టర్. శత్రు ముఠాలో చేరి మూడేళ్ళుగా రోవన్ ఆఫీసుకు రహస్యాలు అందిస్తున్న డబుల్ ఏజెంట్. అందగత్తె. రోవన్‌కు ఆమె అంటే ఇష్టం. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

పుట్టినరోజు ఉదయం రోవన్ ద్రాక్ష వ్యాపారి వేషంలో నోస్కేను వెంటబెట్టుకుని నేల కింద వైన్ దాచే సెల్లార్‌లోకి దిగాడు. టై పిన్నులో ట్రాన్స్‌మిటర్ ఉంది.

"ఈసారి కోతలెప్పుడు?" అని అడిగాడు.

"వాన వెలిశాక," అంది ఇమోజెన్. కోడ్ సరిపోయింది.

ఏడాదికొకటి చొప్పున పీపాలు వరసగా ఉన్నాయి. ఆమె నోస్కే పుట్టిన ఏటి పీపాలోంచి గాజు గొట్టంతో వైన్ తీసి మూడు గ్లాసుల్లో పోసింది. బెల్లం పాకంలా నల్లగా, చిక్కగా జారింది.

"నాకంటే బాగా ముదిరింది," అన్నాడు నోస్కే. "దీనికి బట్టతల కూడా రాలేదు. కానియ్ అమ్మాయ్, ఇంటివాళ్ళే కదా ముందు రుచి చూడాలి."

ఇమోజెన్ ఒక గుక్క తీసుకుని నోట్లో తిప్పింది. బాగుందన్నట్టు తల ఊపి, పక్కకు వంగి బకెట్లో ఉమ్మేసింది.

నోస్కే మొహం చిట్లించాడు. "అదేం పనే? కొత్త వైనంటే ఉమ్ముతారు. ఇంత పాతది ఉమ్మితే మా నాన్న చెంప పగలగొట్టేవాడు."

గొణుగుతూనే గ్లాసు పెదవుల దాకా తెచ్చాడు.

ఇమోజెన్ పుట్టి పెరిగింది బరోసాలోనే. ఆ పద్ధతి ఆమెకు తెలియక కాదు. మింగలేదంటే అందులో ఏదో ఉంది. రోవన్ చెయ్యి విసిరాడు. నోస్కే గ్లాసు గోడకు తగిలి ముక్కలైంది.

"ఇంకో గుక్క తాగు ఇమోజెన్. ఈసారి మింగు."

ఆమె కదల్లేదు. రోవన్ పిస్టల్ తీశాడు.

"నా గ్లాసులో కూడా కలిపావా?"

"పీపాలోనే కలిపాను."

"బెక్‌విత్‌ను చంపిందీ నువ్వేనా?"

"ఆయనా నన్ను నమ్మాడు. నీలాగే."

ఇన్నేళ్ళూ ఆమె నిజంగా పనిచేసింది ముఠాకే. దొరికిపోయిన మనిషిని ముఠా బతకనివ్వదని ఇమోజెన్‌కు తెలుసు. తన గ్లాసెత్తి ఖాళీ చేసేసింది.

"నిజంగా చాలా బాగుంది," అంది. కాసేపటికి కుప్పకూలింది.

రోవన్ ఆమె కళ్ళు మూశాడు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. నోస్కే పీపా మీద చెయ్యి వేసి ఒకసారి నిమిరాడు.

"మీ ఆఫీసులో ద్రోహి పేరు చెప్తాను అబ్బాయ్," అన్నాడు చివరికి. "ముందు నాకో బీరు ఇప్పించు. సీసా మూత మాత్రం నేనే తీస్తా."