స్పష్టంగా లేదు

చిత్తూరు పొలిమేరలో ఉన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసులో కోమలి పని వినడం, టైపు కొట్టడం. రాయడం రాని కూలీలు వాట్సాప్ గ్రూపులో నోటితోనే చెప్పి పంపేస్తారు. అదీ కంపెనీ రికార్డే కాబట్టి, ప్రతి మాటనూ ఆమె కాగితం మీదికి ఎక్కించాలి. రొదలో వినపడకపోతే "స్పష్టంగా లేదు" అని రాస్తే సరిపోతుంది. సీజనంతా ఇదే గొడ్డుచాకిరి. ఇయర్‌ఫోన్లు చూస్తేనే ఆమెకు తలనొప్పి వచ్చేది.

కూలీ ఓబయ్య కోల్డ్‌రూములో ఇరుక్కుని చనిపోవడం మీద విచారణ జరుగుతోంది. గ్రూపు మెసేజీలన్నీ రేపటికి ప్రింటు తీసి ఇమ్మన్నారు. సాయంత్రం మేనేజరు పరంధామయ్య ఇంటికి పోతూ గుమ్మంలో ఆగాడు.

"ఓబయ్య పోయే ముందు పంపిన వాయిస్ ఒకటి ఉండాది సూడు. దానికి స్పష్టంగా లేదని రాసెయ్."

"బాగానే ఇనపడతాండాది గదా సార్."

"నీకు ఉజ్జోగం కావల్నా, వద్దా?"

ఆయన పోయాక వాన పట్టుకుంది. ఆఫీసులో ఆమె ఒక్కతే మిగిలింది. నిట్టూర్చి ఆ మెసేజీ నొక్కింది.

"కోమలమ్మా, కోల్డ్‌రూము తలుపు లోపల్నించి తెరుసుకోవడంల్యా. ఎవురన్నా వచ్చి సూడండమ్మా."

ఈ ఒక్క మాట కాగితం మీద ఉంటే తప్పు ఫ్యాక్టరీదవుతుంది. లేకపోతే ఓబయ్య తాగి లోపల పడుకున్నాడని తేల్చేస్తారు. కోమలికి అతని భార్య అక్కమ్మ ముఖం గుర్తొచ్చింది. కానీ ఆమెకు ఓపిక లేదు. ఉద్యోగం పోగొట్టుకునే ధైర్యం అసలే లేదు.

"స్పష్టంగా లేదు" అని కొట్టింది.

తర్వాతది లారీ డ్రైవరు ఇమ్మానుయేల్ పంపిన మెసేజీ. నొక్కింది.

"కోమలమ్మా, తలుపు..."

ఓబయ్య గొంతు.

వేలు జారిందేమో అనుకుంది. పేరు చూసింది. ఇమ్మానుయేలే. దాని కిందిది కూలీ స్టెల్లా పంపింది. నొక్కింది.

"కోమలమ్మా..."

ఇంకా దగ్గరగా. ఆ గొంతు వెనక ఏదో చప్పుడు. వాన... కిర్రుమంటున్న ఫ్యాను... అది ఈ గది ఫ్యానే.

ఇయర్‌ఫోన్లు లాగి పడేసింది. కుళ్లిన మామిడిపండ్ల వాసన గుప్పుమంది. ముక్కు మొద్దుబారే చలి. నోట్లోంచి ఆవిరి వస్తోంది.

"ఇప్పుడన్నా ఇనపడతాండాదా, అమ్మా?"

ఇయర్‌ఫోన్లు నేల మీద ఉన్నాయి. గొంతు మాత్రం భుజం పక్కనుంచి...

తలుపు దగ్గరికి పరుగెత్తింది. లాగింది. రాలేదు. బయట ఎవరో గొళ్లెం పెట్టారు. రెండు చేతులతో బాదింది. వానలో ఎవరికి వినపడుతుంది? టైపు కొడదామంటే వేళ్లు కొంకర్లు పోయాయి. గ్రూపు తెరిచి ఫోను నోటి దగ్గర పెట్టుకుంది.

"తలుపు రావడంల్యా... ఎవురన్నా రండి... ఈడ చలి..."

పంపింది. నిమిషంలో పరంధామయ్య జవాబు వచ్చింది.

"ఏం చెప్తాండావో తెలీలేదు కోమలీ. స్పష్టంగా లేదు."

ఆమె ఏడ్చేసింది. ఫోను మళ్లీ మోగింది. సంతకం బదులు వేలిముద్ర వేసే ఓబయ్య... అతని నంబరు నుంచి, అక్షరాల్లో.

"నాకు ఇనపడిందమ్మా. వస్తాండా."

బయట గొళ్లెం మెల్లగా కదిలింది.