ట్యూషన్ పాక తగలబడిన సాయంత్రం

ప్రైవేటు డిటెక్టివ్ క్రీస్తుదాసు కూర్చోమన్నా ఆ మనిషి కూర్చోలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవారగా నిలబడింది. పేరు వీరమ్మ. ప్రత్తిపాడు దగ్గరి పల్లెలో కూలి పని. తెల్లవారుజామున బస్సెక్కి గుంటూరు వచ్చింది.

"మా ఆయన అంకయ్యని పోలీసోళ్ళు పట్టుకుపోయారయ్యా. బళ్ళో ట్యూషన్ పాక తగలబెట్టాడంట. అందులో పుల్లమ్మ కూతురు రెబ్కా చచ్చిపోయింది."

"తగలబెడతానని ఎప్పుడైనా అన్నాడా?"

వీరమ్మ తల దించుకుంది. "అన్నాడయ్యా, పదిమందిలో. మావోణ్ణి ట్యూషన్లో వాతలు తేలేట్టు కొట్టారని పోయి అరిచొచ్చాడు. పిల్లోణ్ణి మాన్పించేశాడు. అంతకుమించి ఏం చెయ్యలేదు. పాక తగలబడిన సాయంత్రం నాతోపాటు కల్లంలో మిరపకాయలెత్తుతున్నాడు. పెళ్ళాం మాట ఎవరు నమ్ముతారు?"

క్రీస్తుదాసు అసిస్టెంటు మీరా హుస్సేన్ వైపు చూశాడు. మీరా హుస్సేన్ అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

అది మార్చి నెల. 1986. దారి పొడవునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి. ఆ పిల్ల చావు అప్పటికే చుట్టుపక్కల ఊళ్ళకు పాకింది.

మిషన్ హైస్కూలు ఆవరణలో ఓ మూల బూడిద కుప్ప మిగిలింది. హెడ్‌మిస్ట్రెస్ జయకుమారి వాళ్ళను అక్కడికి తీసుకెళ్ళింది.

"గుంటూరు ట్యుటోరియల్ వాళ్ళు వచ్చి ఇక్కడే బ్రాంచి పెడతామన్నారండి. బడికి రెండు గదులు కట్టిస్తామన్నారు. వాళ్ళ కాగితాల మీద మా స్కూలు ముద్ర వేసి పిల్లల చేత ఇళ్ళకు పంపించాం."

"చదువు రాని తల్లిదండ్రుల సంగతి?"

"యేసుపాదం మాస్టారిని ఇంటింటికీ పంపానండి. ఆయన మాటంటే ఊళ్ళో అందరికీ గురి."

పాకకు ముందు హాలు, వెనక చిన్న గది ఉండేవి. రెబ్కా శవం వెనక గదిలో దొరికింది. క్రీస్తుదాసు బూడిదను కర్రతో నెమ్మదిగా కెలికాడు. వెనక గది గుమ్మం దగ్గర ఒక ఇనప గొళ్ళెం దొరికింది. దానికి తాళం వేసి ఉంది. హాలు కిటికీ ఉన్నచోట పగిలిన మట్టి కుండ పెంకులు కనిపించాయి. ఒక పెంకు తీసి వాసన చూడబోయిన మీరా హుస్సేన్ ఆగకుండా తుమ్మాడు.

"మిరపకాయలు సార్. నిప్పుల మీద వేసి మాడ్చారు."

హాలు ముందరి తడిక మాత్రం కాలలేదు. కట్లు విప్పి ఎవరో దాన్ని దూరంగా గోడకు ఆనించారు. క్రీస్తుదాసు విప్పిన కట్లను వేళ్ళతో తడిమి చూశాడు.

ట్యుటోరియల్ మేనేజరు బాపయ్య అడగకముందే మొదలుపెట్టాడు. "వెనక గది సామాన్లకండి. పిల్లల్ని అందులో కూర్చోబెట్టం. ఆ అమ్మాయి పుస్తకం మర్చిపోయి మంటల్లోకి తిరిగెళ్ళి ఉంటుంది. అంకయ్య పనే ఇది, రాసిపెట్టుకోండి."

యేసుపాదం మాస్టారు బడి మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది. కళ్ళు లోపలికి పోయాయి.

"మంటలు లేచినప్పుడు ఎక్కడున్నారండీ?"

"ఇంట్లో. మంట చూసి పరుగెత్తుకొచ్చాను. అప్పటికే అంతా అయిపోయింది."

బడి ఎదురుగా పునుగులు వేసే జాన్‌బీ చెప్పింది వేరు. "ముందు పిల్లలు దగ్గుకుంటా బయటికొచ్చారు బాబూ. నాకూ మిరప ఘాటుకి ఒకటే కోర, దగ్గు. మాస్టారు వాళ్ళని వరసలో నిలబెట్టి పేర్లు పిలిచారు. ఇళ్ళకి పొమ్మన్నారు. పిల్లలు పోయాక అంటుకుంది పాక."

"ఏ మాస్టారు?"

"ఇంకెవరు, యేసుపాదం మాస్టారే."

మర్నాడు ఉదయం క్రీస్తుదాసు అందరినీ బడి వరండాలో కూర్చోబెట్టాడు. ఎస్సై వచ్చాడు. పుల్లమ్మ స్తంభాన్ని ఆనుకుని కూర్చుంది.

"నిప్పు పెట్టిన మనిషికి పాక మీద కోపం, పిల్లల మీద కాదు" అన్నాడు క్రీస్తుదాసు. "మిరప ఘాటుతో పిల్లల్ని బయటికి తరిమాడు. దారికి అడ్డం లేకుండా తడిక విప్పాడు. పేర్లు పిలిచి చూసుకున్నాడు. పిల్లలు వెళ్ళాకే నిప్పు పెట్టాడు. అంకయ్య పిలిస్తే పిల్లలు వరసలో నిలబడరు. యేసుపాదం గారూ, మంట లేవకముందే మీరిక్కడ ఉన్నారు."

యేసుపాదం లేచి నిలబడ్డాడు. దాచాలని కూడా చూడలేదు.

"ఈ పాకలో తెల్లారకముందే ఓసారి, బడి అయ్యాక మళ్ళీ కూర్చోబెట్టేవారు. క్లాసులో పిల్లలు నిద్రతో తూలి పడేవారు. ఒళ్ళంతా దెబ్బలు. మాన్పించండని మళ్ళీ ఇంటింటికీ తిరిగాను. 'పంపమన్నది మీరే కదా మాస్టారూ' అన్నారు. పాక లేకపోతే ఈ ట్యుటోరియల్ వాళ్ళు తిరిగి గుంటూరు పోతారనుకున్నాను."

"మరి వెనక గదికి తాళం వేసింది?"

బాపయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"గొళ్ళేనికి బయటినుంచి తాళం ఉంది" అన్నాడు క్రీస్తుదాసు. "పుస్తకం కోసం వెళ్ళిన పిల్ల తనకు తాను బయటినుంచి తాళం వేసుకోదు."

"మార్కులు తగ్గినవాళ్ళని అందులో పెడతామండి" అన్నాడు బాపయ్య. "తల్లిదండ్రులు వస్తే వాళ్ళ ముందు తాళం తీయడం బాగుండదని... పొగ తగ్గాక తీద్దామనుకుని బోరింగు దగ్గర కళ్ళు కడుక్కుంటున్నాను. ఈలోగా..."

"ఆ ఘాటుకి లోపల పిల్లకి కేక కూడా వచ్చి ఉండదు" అన్నాడు క్రీస్తుదాసు.

పుల్లమ్మ అప్పటిదాకా తల ఎత్తలేదు. ఇప్పుడు యేసుపాదం వైపు చూసింది.

"పేర్లు పిలిచినప్పుడు దాని పేరు పిలిచారా మాస్టారూ?"

"రెండుసార్లు పిలిచానమ్మా. ఇవాళ రాలేదన్నాడు బాపయ్య. నమ్మాను."

"నేనూ అంతే" అంది పుల్లమ్మ. "మీరు చెప్పారని నమ్మాను."

జయకుమారి మొహం తిప్పుకుంది. ఎస్సై యేసుపాదాన్నీ, బాపయ్యనీ జీపెక్కించాడు. అంకయ్యను ఆ సాయంత్రమే వదిలేశారు.

వీరమ్మ బస్సు దాకా వచ్చింది. దండం పెట్టబోయి మధ్యలోనే ఏడ్చేసింది. క్రీస్తుదాసు ఆగాడు.

"మీ ఆయన ఇంటికొచ్చాడుగా తల్లీ?"

"వచ్చాడయ్యా. అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. మావోడికి అక్షరాలు దిద్దించింది ఆ మాస్టారే. ఇప్పుడు వాడు బడికి పోనంటున్నాడు. పొమ్మనడానికి మాకు నోరు రావట్లేదు."

క్రీస్తుదాసు బస్సెక్కాడు. బస్సు కదిలింది.